పిల్లికి లివర్ పాడైతే ముందు తిండి సంగతి చూడండి

పోయిన వానాకాలం మేం పెళ్ళికని నాలుగు రోజులు పాలకొల్లు వెళ్ళాం, పక్కింటి పిన్నిగారు మా పిల్లి చిట్టికి రోజూ అన్నం చేప కలిపి పెట్టారు కానీ అది మూతి కూడా పెట్టలేదంట. బెంగ పెట్టుకుందిలే, మమ్మల్ని చూస్తే తింటాదిలే అనుకుని వచ్చాక ఇంకో రెండు రోజులు ఊరుకున్నాం, ఈలోపు దాని లివర్ పాడైపోయింది. మీరు మాత్రం అలా ఊరుకోకండి, ఒక్క రోజంతా ఏమీ తినకపోయినా డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ఎందుకంటే పిల్లి ఒంటికి ఉపవాసం పడదండి. తిండి మానేస్తే ఒంట్లో కొవ్వంతా లివర్‌కి చేరిపోద్ది, లివర్ దాన్ని అరగదీయలేక కొవ్వుతోనే నిండిపోద్ది, బొద్దుగా ఉన్న పిల్లికైతే మరీ తొందరగా అవుద్ది. పగటి వెలుతురులో చెవి లోపల, చిగుళ్ళు, కళ్ళ తెల్లభాగం చూడండి, పసుపుగా ఉంటే కామెర్లే. కొన్నిసార్లు పిత్తనాళంలో అడ్డం, ఇన్ఫెక్షన్, బల్లుల్ని తిన్న పిల్లుల్లో లివర్ పురుగు, ఇలాంటివి కూడా ఉంటాయి, అందుకే రక్తపరీక్ష, స్కానింగ్ చేయించకుండా మందులు మొదలెట్టొద్దు. మనవైపు పశువుల ఆసుపత్రులకి ఎక్కువగా గేదెలే వస్తాయి కాబట్టి పిల్లులకి ఈ పరీక్షలు చేస్తారా అని ముందే అడిగి వెళ్ళండి, లేదంటే కాకినాడో రాజమండ్రో కనుక్కోండి, గన్నవరంలో వెటర్నరీ కాలేజీ కూడా ఉంది.

కామెర్లనగానే మన ఊళ్ళల్లో నేలఉసిరి పసరు పోయమంటారు. పెద్దవాళ్ళు ప్రేమతోనే చెప్తారు కానీ పోయొద్దండి, చేదుకి నురగ కక్కి ఉన్న తిండి కూడా మానేస్తాది. ఒళ్ళు వేడిగా ఉందని పారాసిటమాల్ అస్సలు వేయొద్దు, అది పిల్లి ప్రాణం తీస్తాది.

ఇక అసలు మందు తిండే. 4 కిలోల పిల్లికి రోజుకి సుమారు 200 క్యాలరీలు కావాలి, అయితే చాలా రోజులు తినని పిల్లికి మొదటిరోజే అంతా పెట్టకూడదు, డాక్టర్ చెప్పినట్టు పావు వంతుతో మొదలెట్టి మూడు నాలుగు రోజుల్లో పెంచాలి. తిండి గోరువెచ్చగా ఉంటే వాసన బాగా వస్తాది. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ గానీ ముల్లు తీసిన చేప గానీ ఆశ పుట్టించడానికి పెట్టండి, పులుసులో ముక్క కడిగి పెట్టడం లాంటివి వద్దు, పచ్చి చేప కూడా వద్దు. ఎక్కువ రోజులు నడవాలంటే మాత్రం పిల్లుల ఫుడ్డే కావాలి, చికెన్ ఒక్కటే సరిపోదు. లివర్ జబ్బని మాంసం మాన్పించకండి, డాక్టర్ ప్రత్యేకంగా చెప్తే తప్ప.

సిరంజితో పెడితే బుగ్గ పక్కనుంచి ఒక్కో ఎంఎల్ వేసి మింగేదాకా ఆగండి, తల పైకెత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోద్ది. గింజుకుంటే ఆపేయండి, బలవంతం చేసేకొద్దీ ఆ తిండి మీదే అసహ్యం పెరుగుద్ది. వికారం ఉంటే పెదాలు నాక్కుంటా చొంగ కారుస్తాది, దానికి మందుంది, అడగండి.

డాక్టర్ మెడ పక్కన ట్యూబ్ వేద్దామంటే భయపడకండి. నేను విని ఏడ్చేశాను గానీ ఆ ట్యూబే మా చిట్టిని బతికించింది. మెత్తగా మిక్సీ పట్టిన తిండి నెమ్మదిగా ఎక్కించడం, ముందూ వెనకా గోరువెచ్చని నీళ్ళు 5 ఎంఎల్ పోసి ట్యూబ్ కడగడం, కుట్టు దగ్గర రోజూ తుడవడం, అంతే. కరెంటు పోతే ఫ్రిజ్‌లో తిండి పాడవుద్ది, ఏ రోజుది ఆ రోజే చేసుకోండి.

దిక్కు తెలీనట్టు తిరిగినా, గోడకి తల ఆనించి నిలబడినా, ఫిట్స్ వచ్చినా రాత్రని చూడకుండా పిల్లిని తీసుకుని ఆసుపత్రికి బయల్దేరండి.

తనంతట తాను రెండు ముద్దలు తిందని ట్యూబ్ తీయించేయకండి, ఒక్కోసారి ఆరు ఏడు వారాలు పడుద్ది. పిల్లిని ఎత్తుకుని కాటా ఎక్కి, మీ బరువు తీసేసి వారానికోసారి పుస్తకంలో రాసుకోండి, ఏ రోజు ఎంత తిందో పక్కనే రాయండి, డాక్టర్ ముందు అడిగేది అదే.