క్యాష్ ఎస్‌ఎస్‌డీ పీకే ముందు

రాత్రి ఒంటి గంటకు ఫోన్. "అన్నా, క్యాష్ ఎస్‌ఎస్‌డీ ఒకటి పోయింది. రెండూ తీసేసి కొత్తవి పెట్టేయనా?" నైట్ షిఫ్ట్ కుర్రాడు. "ఏదీ ముట్టుకోకు, వస్తున్నా" అన్నాను. క్యాష్ అంటే సర్వర్‌లో తరచూ వాడే డేటాను త్వరగా అందించడానికి వేగమైన డిస్కుల్లో, అంటే ఎస్‌ఎస్‌డీల్లో, దాచే చోటు. క్యాషే కదా, తీసేస్తే స్పీడు తగ్గుతుంది అంతే అని వాడి లెక్క. చదివే డేటా నకళ్లు మాత్రమే ఉంచే రీడ్ క్యాష్‌కైతే ఆ లెక్క సరిపోతుంది.

మా డిస్కులను నడిపే కంట్రోలర్ ఎల్‌ఎస్‌ఐ మెగారెయిడ్ కార్డు, ఎస్‌ఎస్‌డీలను క్యాష్‌గా వాడే దాని సదుపాయం క్యాష్‌కేడ్ ప్రో 2.0. ఎనిమిది 2 టీబీ హార్డ్ డిస్కులు రెయిడ్ 6లో (రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే అమరిక), వాటికి క్యాష్‌గా రెండు ఎస్‌ఎస్‌డీలు. కంట్రోలర్ కొన్ని డిస్కులను కలిపి ఒకే డిస్కులా నడిపితే అది వర్చువల్ డిస్కు. ఆ క్యాష్ వర్చువల్ డిస్కు ఆపరేటింగ్ సిస్టమ్‌కు కనిపించదు. పదేపదే అడిగే బ్లాకులను కంట్రోలరే అందులో దాచుకుంటుంది. రైట్ బ్యాక్ అనే పాలసీ పెడితే కొత్తగా రాసిన డేటా కూడా ముందు అక్కడికే వెళ్తుంది. అప్లికేషన్‌కు "రాసేశాను" అని జవాబు వచ్చేస్తుంది, హార్డ్ డిస్కుకు చేరేది ఆ తర్వాత. ఈలోపు రెండు ఎస్‌ఎస్‌డీలూ పీకితే ఆ డేటా ఇంకెక్కడా ఉండదు.

అందుకే క్యాష్ తయారుచేసేటప్పుడే రెయిడ్ 1 ఎంచుకోండి, రెండింటిలోనూ ఒకే డేటా ఉంటుంది. డేటాను రెండింటికీ పంచేసే రెయిడ్ 0లో జాగా రెట్టింపు వస్తుంది, నిజమే. కానీ రైట్ బ్యాక్‌తో కలిపి మాత్రం వద్దు. క్యాష్ మొత్తం 512 జీబీకి మించదు కాబట్టి భారీ ఎస్‌ఎస్‌డీలు కొని డబ్బు వృథా చేయకండి. కార్డు సెట్టింగులు చూసే మెగారెయిడ్ స్టోరేజ్ మేనేజర్ సాఫ్ట్‌వేర్‌లో కంట్రోలర్ మీద రైట్ క్లిక్ చేస్తే క్రియేట్ క్యాష్‌కేడ్ ఉంటుంది. కనిపించకపోతే లైసెన్స్ కీ చూసుకోండి. డేటాబేస్ ఉన్న వర్చువల్ డిస్కుకు ఎస్‌ఎస్‌డీ క్యాషింగ్ ఆన్ చేయండి. బ్యాకప్‌లు పడే డిస్కుకు వద్దు, వరుసగా రాసుకుపోయే పనికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

మాదీ రెయిడ్ 1 కాబట్టి ఆ రాత్రి మార్చాల్సింది పోయిన ఒక్కదాన్నే. కానీ అది ఏ బేలో (డిస్కు దూర్చే అరలో) ఉందన్నది ఊహతో తేల్చకూడదు. సాఫ్ట్‌వేర్‌లో ఆ డ్రైవ్ మీద లొకేట్ నొక్కాను, మూడో బే లైటు మిణుకుమిణుకుమంది. కుర్రాడి వేలు అప్పటికి నాలుగో బే లాచ్ మీద ఉంది. నాకు గుండె ఆగినంత పనైంది.

రెండూ మార్చాలంటే వరుస ఇదీ. క్యాష్ డిస్కు పాలసీని రైట్ త్రూకి, అంటే డేటా హార్డ్ డిస్కుకు చేరాకే "రాసేశాను" అనే పద్ధతికి, మార్చండి. దాన్ని వాడుకుంటున్న ప్రతి వర్చువల్ డిస్కుకూ ఎస్‌ఎస్‌డీ క్యాషింగ్ ఆఫ్ చేయండి. మిగిలిన డేటా హార్డ్ డిస్కుల్లోకి దిగడానికి టైం పడుతుంది, టెన్షన్ పడి తొందరపడొద్దు. ఆ తర్వాతే క్యాష్ డిస్కును డిలీట్ చేసి, ఎస్‌ఎస్‌డీలు బయటికి తీయండి.

కొత్త క్యాష్ ఖాళీగా మొదలవుతుంది. మొదటి రోజు సర్వర్ మందకొడిగా ఉందని ఫోన్లు వస్తాయి. సెట్టింగులు కెలకకుండా, వాడకంలో ఉన్న డేటా అందులో చేరేదాకా ఆగండి.