ఊరి హైస్కూలు బోర్డు: పిల్లల గెలుపులు, రాబోయే తేదీలు రాసే పద్ధతి

చేవెళ్ల, శంకర్‌పల్లి, ఇబ్రహీంపట్నం, మహేశ్వరం... హైదరాబాద్ చుట్టూ ఏ దారిన వెళ్లినా జిల్లా పరిషత్ హైస్కూలు వరండాలో ఒక బోర్డు కనిపిస్తుంది. జూన్‌లో అంటించిన రంగుకాగితం జనవరికి వెలిసిపోయి ఉంటుంది. దాని మీద ఆగస్టు పదిహేను ఆహ్వానం ఇంకా వేలాడుతూనే ఉంటుంది. బోర్డు పెట్టడం ఒక పూట పని. నడపడం దగ్గరే అందరూ ఆగిపోతారు, ఎందుకంటే అది ఎవరి పనో తేలదు, ఏం రాయాలో అంతకన్నా తేలదు.

గెలిచిన పిల్లకు అభినందన ప్రేయర్‌లో చప్పట్లతోనే అయిపోయింది. బోర్డు ముందు నిలబడి చదివేది ఇంకా గెలవని పిల్లలు. "నేనూ రాయొచ్చా? ఎప్పుడు? ఎవర్ని అడగాలి?" అనే మూడు ప్రశ్నలకు జవాబు లేని కాగితం గోడకు అలంకారం తప్ప మరేం కాదు. కింద చెప్పేదంతా ఆ మూడు ప్రశ్నల కోసమే.

బోర్డు ఎక్కడ, ఎంత

హెచ్ఎం గది పక్కన పెట్టకండి, అక్కడ పిల్లలు నిలబడరు. మంచినీళ్ల కుళాయిల దగ్గరో, మధ్యాహ్న భోజనం లైను సాగే గోడకో పెడితే రోజూ పది నిమిషాలు ఖాళీగా నిలబడే కళ్లు దాని మీదే పడతాయి. పడమటి ఎండ తగిలే గోడ, వానజల్లు కొట్టే మూల వద్దు.

ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు సరిపోతుంది. పైన 15 సెంటీమీటర్ల శీర్షిక పట్టీ వదిలి, కాగితానికీ కాగితానికీ మధ్య 3 సెంటీమీటర్ల ఖాళీ ఉంచితే ఏ4 కాగితాలు నిలువుగా వరసకు ఏడు చొప్పున మూడు వరసలు, మొత్తం 21 పడతాయి. పడతాయి కదా అని 21 పెట్టకండి. పన్నెండు దాటితే ఎవరూ చదవరు. ఎడమవైపు మూడు నిలువు వరసలు గెలుపులకు, కుడివైపు నాలుగు తేదీలకు ఇవ్వండి. తేదీలకే ఎక్కువ చోటు, ఎందుకంటే జరిగిపోయినది ఆగుతుంది, దరఖాస్తు గడువు ఆగదు. బోర్డు కింది అంచు నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటే ఆరో తరగతి పిల్లలకూ అందుతుంది.

థర్మకోల్ మీద పిన్నులు నిలవవు, నెల తిరిగేసరికి రాలిపోతుంది. బట్ట కప్పిన సాఫ్ట్‌బోర్డే మేలు. దాన్ని గోడకు నేరుగా ఆనించకుండా వెనక రెండు సన్నటి చెక్కపట్టీలు వేసి బిగించండి. వానాకాలం గోడ చెమ్మ ఎక్కినప్పుడు చెదలు పట్టేది ఆ ఆనుకున్న చోటే. ఇంక్‌జెట్ ప్రింటు చెమ్మకు కారిపోతుంది కాబట్టి దాన్ని జిరాక్స్ తీయించి ఆ కాపీని పెట్టండి. స్కెచ్ పెన్నులతో రాస్తే ఎండకు త్వరగా పాలిపోతాయి, చేత్తో రాసేవాళ్లు పర్మనెంట్ మార్కర్ వాడాలి. గమ్ముతో అంటించడం మాత్రం ఎప్పుడూ వద్దు. తీసేటప్పుడు బట్ట చిరుగుతుంది, చిరుగుతుందన్న భయంతో ఎవరూ తీయరు, పాత కాగితం మీదే కొత్తది ఎక్కుతుంది.

వివరం ముందు పుస్తకంలోకి, తరవాతే బోర్డు మీదికి

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి చాలు. గళ్లు ఇవి: తేదీ, అడ్మిషన్ నంబరు, పేరు, తరగతి, పోటీ పేరు, స్థాయి, ఫలితం, సర్టిఫికెట్ చూసినవాళ్ల సంతకం. సర్టిఫికెట్టో, ఫలితాల జాబితానో, మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసు నుంచి వచ్చిన కాగితమో కళ్లతో చూడకుండా ఏదీ ఎక్కించకూడదు. "మా వాడు జిల్లాకు సెలెక్టయ్యాడు సార్" అన్న మాట ఆనందంగా వినండి, కాగితం వచ్చాక రాయండి.

పేరును అటెండెన్స్ రిజిస్టరు నుంచి కాకుండా అడ్మిషన్ రిజిస్టరు నుంచి చూసి రాయాలి. ఇంటిపేరు, పేరు, ఇంగ్లిష్ స్పెల్లింగు మూడూ ఆధార్‌తోనూ బ్యాంకు పాస్‌బుక్‌తోనూ సరిపోయాయా అని అప్పుడే ఒకసారి పోల్చండి. ఇది బోర్డు కోసం చేసే పని కాదు నిజానికి. స్కాలర్‌షిప్ వచ్చిన పిల్లకు డబ్బు పడకుండా నిలిచిపోయేది చాలాసార్లు ఈ పేరు తేడా దగ్గరే. తేడా ఉందని గెలిచిన వారంలోనే తెలిస్తే దిద్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

స్థాయి రాసేటప్పుడు మాట జారకూడదు. పాల్గొనడం, ఎంపికవడం, గెలవడం మూడు వేరువేరు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్-14, అండర్-17 విభాగాల్లో మండలం నుంచి మొదలై పైకి వెళ్తాయి. మండల స్థాయిలో గెలిచి జిల్లా ఆటలకు వెళ్లిన అమ్మాయిని "జిల్లా స్థాయి విజేత" అని రాస్తే అది అబద్ధం. పక్క ఊరి బడిలో నిజంగా జిల్లాలో గెలిచిన పిల్ల ఉంటుంది, ఆ మాట పీఈటీల గ్రూపులో సాయంత్రానికల్లా తేలిపోతుంది. "కబడ్డీ, అండర్-14 బాలికలు, మండల స్థాయిలో మొదటి స్థానం, జిల్లా పోటీలకు ఎంపిక" అని ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. జట్టు ఆట అయితే కెప్టెన్ పేరొక్కటే రాయకండి, బెంచీ మీద కూర్చున్నవాళ్లతో సహా అందరి పేర్లూ ఉండాలి.

గెలుపు కాగితం ఎలా ఉండాలి

ఎనిమిదో తరగతిలో రాసే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఎన్ఎంఎంఎస్ సంగతే తీసుకోండి. మామూలుగా కనిపించేది ఇది:

"మా పాఠశాల విద్యార్థిని ఎన్ఎంఎంఎస్ పరీక్షలో అత్యుత్తమ ప్రతిభ కనబరచి పాఠశాల కీర్తిప్రతిష్ఠలను ఇనుమడింపజేసినందుకు హృదయపూర్వక శుభాభినందనలు."

ఇందులో తెలిసిందేమిటి? ఏమీ లేదు. దాన్నే ఇలా రాయండి:

"ఎనిమిదో తరగతి, బి సెక్షన్, ఫలానా అమ్మాయి. ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్‌కు ఎంపికైంది. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. పరీక్షలో రెండు పేపర్లు, ఒక్కోదానికి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఇప్పుడు ఏడులో ఉన్నవాళ్లు వచ్చే ఏడాది రాయొచ్చు. ఏడులో 55 శాతం మార్కులు, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం ఉండాలి. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. పాత పేపర్లు లెక్కల సార్ దగ్గర ఉన్నాయి."

పొగడ్త ఒక్క ముక్క లేదు. అయినా ఏడో తరగతి పిల్ల దీని ముందు రెండు నిమిషాలు నిలబడుతుంది. కింద మరో వాక్యం కలిపితే పాత విజేతలకూ పనికొస్తుంది: "ఇంతకుముందు ఎంపికైనవాళ్లు ఈ ఏడాది రెన్యువల్ చేసుకున్నారా?" ఎన్ఎంఎంఎస్‌ను ప్రతి ఏటా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయాలి. పది పాసై ఇంటర్‌కు వేరే కాలేజీకి పోయిన పిల్లలు ఈ సంగతి మరిచిపోతుంటారు, మిగిలిన రెండేళ్ల డబ్బు పోతుంది. పదో తరగతిలో 60 శాతం తెచ్చుకోవాలన్న షరతు (ఎస్సీ, ఎస్టీలకు 55) కూడా తొమ్మిదిలోనే చెప్పి ఉంచాలి.

పిల్లల సైన్స్ ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డు కూడా అంతే. "ఇన్‌స్పైర్‌కు ఎంపిక" అంటే ఆరో తరగతి వాడికి అర్థం కాదు. వచ్చింది ఏ ఆలోచనకో ఒక వాక్యంలో రాయండి. నమూనా తయారీకి 10,000 రూపాయలు విద్యార్థి బ్యాంకు ఖాతాలోనే పడతాయనీ, తరవాతి మెట్టు జిల్లా ప్రదర్శన అనీ చెప్పండి. ఖాతా లేని పిల్లల ఆలోచన ఎంత బాగున్నా చివర్లో పరుగులు పెట్టాల్సి వస్తుంది. అందుకే ఆలోచనలు అడిగే కాగితం మీదే "పాస్‌బుక్ జిరాక్స్ తేవాలి" అని ఉండాలి.

పదో తరగతి ఫలితాలకు శాతాలు వద్దు. "42 మందిలో 40 మంది పాస్" అనండి. శాతం రాస్తే పది మంది రాసిన బడికీ వంద మంది రాసిన బడికీ తేడా తెలీదు. ఏడాది మధ్యలో బడిలో జరిగే ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షల మార్కుల జాబితాలు బోర్డుకెక్కించడం అసలే వద్దు, వాటివల్ల చివరి పది మందికి జరిగేది అవమానమే.

రాబోయే తేదీలు

ఒక్కో కార్యక్రమానికి ఒక్కో కాగితం. అందులో తేదీ, వారం, సమయం, చోటు, ఏ తరగతుల వాళ్లకు, పేరిచ్చేందుకు ఆఖరి రోజు, ఎవరిని కలవాలి అనేవి ఉండాలి. తేదీతోపాటు వారం రాయడం వల్ల తప్పు దానంతటదే బయటపడుతుంది, రెండూ పొసగకపోతే ఎవరో ఒక పిల్లాడు పట్టేస్తాడు. "రేపు", "వచ్చే సోమవారం" అని మాత్రం రాయకండి. కాగితం బోర్డు మీద పది రోజులుంటే రేపు పది సార్లు మారుతుంది.

పేరిచ్చే ఆఖరి రోజును ఎర్ర మార్కర్‌తో, కార్యక్రమం తేదీ కంటే పెద్దగా రాయండి. ఊరి బడుల్లో అవకాశాలు పోయేది ప్రతిభ లేక కాదు. సర్క్యులర్ ఆఫీసు ఫైల్లో పడుకుని గడువు దాటిపోవడం వల్ల. పై నుంచి గడువు 20వ తేదీ అని వస్తే బోర్డు మీద 15 అని రాయండి. ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవకు వెళ్లి రావడానికి ఆ ఐదు రోజులు పడతాయి.

ముందే తెలిసిన తేదీలకు జూన్‌లోనే ఒక కాగితం తయారు చేసుకోవచ్చు: సెప్టెంబర్ 9 కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం, నవంబర్ 14 బాలల దినోత్సవం, డిసెంబర్ 22 గణిత దినోత్సవం, ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవం. ఆగస్టు 29న జాతీయ క్రీడా దినోత్సవం, గిడుగు రామమూర్తి జయంతి రెండూ ఒకేరోజు పడతాయి. తెలుగు టీచరుకూ పీఈటీకీ ముందే పంపకం చేయకపోతే ఆ ఉదయం ప్రేయర్ పదకొండింటి దాకా సాగుతుంది. బతుకమ్మను దసరా సెలవులకు ముందు చివరి పనిదినాన పెట్టుకుంటారు. పూలు తెచ్చేది పిల్లలే కాబట్టి ఆ కాగితం మూడు రోజుల ముందే ఎక్కాలి.

తల్లిదండ్రుల సమావేశం అంగడి రోజు పెట్టకండి, నాట్లు, పత్తి ఏరే రోజుల్లో పొద్దున పెట్టకండి. సాయంత్రం కార్యక్రమమైతే పక్క ఊళ్ల పిల్లలు ఎక్కే ఆఖరి బస్సు టైము చూసి, దానికి అరగంట ముందు ముగింపు సమయాన్ని కాగితం మీద రాయండి. మొదలయ్యే టైము అందరూ రాస్తారు, ఆడపిల్లల ఇళ్లలో అడిగేది ముగిసే టైము.

హైదరాబాద్ విహారయాత్ర ఉంటే రెండు సెలవులు గుర్తుంచుకోవాలి: సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం, జూపార్కుకు సోమవారం. సాలార్‌జంగ్, చార్మినార్ ఒక రోజుకు సరిపోతాయి. గోల్కొండ, కుతుబ్ షాహీ సమాధులు ఇంకో రోజు. నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియం, సైన్స్ మ్యూజియం చూడాలంటే షో టైములు ముందుగా కనుక్కుని దాన్నిబట్టి బస్సు బయల్దేరే టైము వేయండి. డబ్బు ఎంతో, అందులో ఏవేవి కలిశాయో విడివిడిగా రాయాలి. ఆడపిల్లలకు 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది కదా అని కొందరు తల్లులు డబ్బివ్వరు. అది మామూలు సర్వీసులకే, బడి కిరాయికి మాట్లాడుకున్న బస్సుకు వర్తించదు. ఈ ఒక్క వాక్యం ముందే రాస్తే బస్సెక్కే రోజు గేటు దగ్గర గొడవ ఉండదు.

తెలుగు టైపు చేసేటప్పుడు

ఫోన్లో టైపు చేసిన తెలుగు యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి. చాలా డీటీపీ సెంటర్లలో వాడేది యూనికోడ్ కాని అను ఫాంట్లు, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్. మీరు వాట్సాప్‌లో పంపిన మాటను పేజ్‌మేకర్ చూపించలేదు, కాబట్టి అక్కడి మనిషి మళ్లీ మొదటి నుంచి టైపు చేస్తాడు. పేర్లలో తప్పులు దొర్లేది ఇక్కడే. ఫోటోషాప్‌లో యూనికోడ్ అతికించినా దక్షిణాసియా లిపుల సెట్టింగు ఆన్ చేయకపోతే వత్తులు విడిపోతాయి, "పద్మ"లో మావత్తు కిందికి దిగకుండా పొల్లు పక్కన నిలబడుతుంది. ఈ తిప్పలు వద్దనుకుంటే మండలి, రామభద్ర, గిడుగు లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లతో బడి కంప్యూటర్లోనే తయారుచేసి పీడీఎఫ్‌గా ఇవ్వండి. ప్రింటు తీయడం తప్ప వాళ్లకు వేరే పని ఉండదు. లోపలి అక్షరాలు 20 పాయింట్లకు, శీర్షిక 48కి తగ్గకూడదు. వరసల మధ్య ఎడం ఒకటిన్నర ఉంచకపోతే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద పడతాయి.

ఫ్లెక్సీ శీర్షిక పట్టీకి మాత్రమే, అదీ సంవత్సరం వేయకుండా. ఏడాది వేస్తే మళ్లీ జూన్‌లో డబ్బు దండగ.

ఫోటోలు, వాట్సాప్

బోర్డు మీద ఫోటో పెట్టడం వేరు, ఊరి గ్రూపులో వేయడం వేరు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. జూన్‌లో అడ్మిషన్లప్పుడే ఒక పేజీ సమ్మతి పత్రం మీద సంతకం తీసుకుంటే ఏడాదంతా నిశ్చింత. సంతకం పెట్టనివాళ్లకు పేరు, తరగతి చాలు, ఫోటో వద్దు. సర్టిఫికెట్ ఫోటో పంపేటప్పుడు ఆధార్ నంబరు, పుట్టినతేదీ, ఫోన్ నంబరు కనిపించకుండా కత్తిరించండి. హాల్‌టికెట్ నంబరు కూడా, అది చేతికొస్తే ఫలితాల రోజు ఊరంతా మార్కులు చూస్తుంది.

తీసేయడం

ప్రతి శనివారం ఆఖరి పీరియడ్‌లో ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు, ఒక టీచరు పదిహేను నిమిషాలు కేటాయిస్తే బోర్డు ఎప్పుడూ కొత్తగా ఉంటుంది. పదో తరగతి వాళ్లకు అప్పగించకండి, స్పెషల్ క్లాసులు మొదలయ్యాక వాళ్లు దొరకరు. తేదీ దాటిన కాగితం ఆ శనివారమే దిగాలి. గెలుపు కాగితం నాలుగు వారాలు ఉంచితే చాలు.

దించినవాటిని పారేయకుండా పంచ్ చేసి ఫైల్లో పెట్టండి. నిరుడు ఏ పోటీకి సర్క్యులర్ ఏ నెలలో వచ్చిందో ఆ ఫైలే చెబుతుంది. ఏప్రిల్ చివరి పనిదినాన ఫైలు, నోట్‌బుక్, పిన్నుల డబ్బా మూడూ హెచ్ఎం బీరువాలో పెట్టి, నోట్‌బుక్ మొదటి పేజీలో జూన్‌లో బోర్డు చూసుకునే టీచరు పేరు రాసి సంతకం చేయించండి.