ఇంగ్లీష్ వచ్చు గానీ నోరు రాదు: సియాటిల్ వైపు కొత్తగా వచ్చినవాళ్లు ఫ్రీ క్లాసులు ఎలా వాడుకోవాలంటే

సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్‌లో దిగిన మొదటి మూడు నెలల్లో నేను మాట్లాడిన ఇంగ్లీష్ అంతా కలిపితే హాయ్, థ్యాంక్యూ, నో బ్యాగ్, అంతే. ఎంసీఏ చేశాను, ఇంటర్ నుంచీ ఇంగ్లీష్ మీడియమే, అయినా డెంటిస్ట్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే అవతలివాళ్లు హలో అనేలోపే మా ఆయన చేతిలో పెట్టేసేదాన్ని. చదివితే అర్థమవుతుంది, రాస్తే వస్తుంది, నోరే పెగలదు. కొత్తగా హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల భార్యాభర్తలకి ఇచ్చే వీసా) మీద వచ్చినవాళ్లు, గ్రీన్‌కార్డు మీద పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లు ఎలా మొదలుపెట్టాలి అని అడుగుతూ ఉంటారు కాబట్టి అంతా ఒకచోట రాసేస్తున్నా. నాకు తెలిసింది సియాటిల్ చుట్టుపక్కల సంగతి, వేరే ఊళ్లో ఉన్నవాళ్లు మీ లైబ్రరీలో ఇదే అడగండి, పేరు వేరే ఉంటుందేమో గానీ చాలాచోట్ల ఇలాంటిది ఉంటుంది.

ముందు లైబ్రరీకి వెళ్లండి, మిగతావన్నీ తర్వాత. బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్, ఇసాక్వా ఇవన్నీ కింగ్ కౌంటీ లైబ్రరీ సిస్టమ్ కిందకి వస్తాయి, సియాటిల్ సిటీలో ఉంటే సియాటిల్ పబ్లిక్ లైబ్రరీ వేరే. రెండిట్లోనూ టాక్ టైమ్ అని ఉంటుంది, అంటే కూర్చుని ఇంగ్లీష్‌లో కబుర్లు చెప్పుకోవడం, పైసా కట్టక్కర్లేదు, పరీక్ష లేదు, మార్కులు లేవు. లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఈవెంట్స్ క్యాలెండర్‌లోకి వెళ్లి టాక్ టైమ్ అని కొడితే ఏ బ్రాంచ్‌లో ఏ రోజో వస్తుంది, బయల్దేరే ముందు ఇంకోసారి చూసుకోండి ఎందుకంటే పండగ వారాల్లో క్యాన్సిల్ చేస్తుంటారు, నేను వానలో స్ట్రోలర్ తోసుకుంటూ వెళ్లి తాళం చూసి వచ్చిన రోజులున్నాయి. ఇల్లు కదలలేనివాళ్లకి ఆన్‌లైన్‌లో జరిగేవి కూడా ఉంటాయి గానీ వీలైతే మనిషి వెళ్లడమే మేలు, వీడియో ఆపేసి మూల కూర్చోవడం అక్కడ కుదరదు కదా.

వెళ్లాక ఏం జరుగుతుందంటే, ఓ బల్ల చుట్టూ పదీ పన్నెండు మంది, నడిపించేది వాలంటీర్, నేను చూసినవాళ్లలో రిటైరైన టీచర్లే ఎక్కువ. ఆ వారం టాపిక్ ఒకటి ఇస్తారు, మీ ఊళ్లో పెళ్లిళ్లు ఎలా చేస్తారు, చిన్నప్పుడు ఏ ఆటలు ఆడేవాళ్లు అలాంటివి. గ్రామర్ తప్పు పోతే ఆపి సరిదిద్దడం తక్కువ, కావాలంటే మీరే అడగాలి, "ప్లీజ్ కరెక్ట్ మీ" అని మొదట్లోనే చెప్పేస్తే సంతోషంగా చెప్తారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా. తెలుగువాళ్ల పక్కన కూర్చోకండి. మొదటిరోజు నేను అదే చేశా, భీమవరం ఆవిడ ఒకరు, కరీంనగర్ అమ్మాయి ఒకరు కనపడేసరికి ప్రాణం లేచొచ్చింది, గంటసేపు కరివేపాకు ఎక్కడ చవక, ఏ డేకేర్ బాగుంటుంది అని తెలుగులోనే మాట్లాడుకుని ఇంటికొచ్చేశాం, ఇంగ్లీష్ ముక్క లేదు. మరుసటి వారం ఒక కొరియన్ ఆవిడకీ ఒక ఉక్రెయిన్ పెద్దాయనకీ మధ్య కూర్చున్నా, వాళ్లకి తెలుగు రాదు నాకు వాళ్ల భాష రాదు, ఇంక ఇంగ్లీష్ తప్ప దారి లేదు, అప్పుడు కదిలింది నోరు. వాళ్లదీ విరిగిన ఇంగ్లీషే కాబట్టి సిగ్గు కూడా ఉండదు. భీమవరం ఆవిడతో కబుర్లు పార్కింగ్‌లో చెప్పుకోవచ్చు, మేం ఇప్పటికీ అక్కడే చెప్పుకుంటాం.

మనకి తప్పులు గ్రామర్‌లో కన్నా మన ఇంగ్లీష్‌కీ వీళ్ల ఇంగ్లీష్‌కీ తేడా ఉన్నచోట పడతాయి, ఇవి నేను నోట్‌బుక్‌లో రాసుకున్నవి. 2014లో పాస్డ్ అవుట్ అన్నాను, బల్ల చుట్టూ అందరూ అయ్యో పాపం అన్నట్టు చూశారు, ఇక్కడ దానర్థం స్పృహ తప్పి పడిపోవడం, గ్రాడ్యుయేటెడ్ అనాలి. ఐ హ్యావ్ ఎ డౌట్ అంటే నిన్ను నమ్మట్లేదు అన్నట్టు వినపడుతుంది, క్వశ్చన్ అనండి. ఔటాఫ్ స్టేషన్, కజిన్ బ్రదర్, గుడ్ నేమ్ ఇవేవీ అర్థం కావు. ఫోన్ నంబర్ చెప్పేటప్పుడు డబల్ ఫైవ్ అంటే రాసుకునేవాళ్లు ఆగిపోతారు, ఫైవ్ ఫైవ్ అని విడివిడిగా చెప్పాలి. తేదీలో నెల ముందు, రోజు తర్వాత, దీనివల్ల నేను ఒక అపాయింట్‌మెంట్‌కి నెల తేడాతో వెళ్లా.

ఉచ్చారణలో మనవాళ్లందరికీ ఉండే జబ్బులు మూడు. బస్సు, బుక్కు అని చివర ఉకారం తగిలించడం, ఎగ్‌ని యెగ్ అనడం, వైన్‌నీ వైన్‌నీ (ద్రాక్షతీగ ఒకటి, సారా ఒకటి) ఒకేలా పలకడం. తీగకి కింది పెదవిని పంటితో తాకించాలి, తాగేదానికి పెదాలు సున్నాలా చుట్టాలి. జీరో అన్నప్పుడు నాలుక పైన అంటుకోకూడదు, తుమ్మెద రొదలా రావాలి, అద్దం ముందు పది రోజులు అంటే వస్తుంది. ఇంకోటి, మన ఇంటిపేర్లు ఒక్క ముక్కలో ఎవరికీ ఎక్కవు కాబట్టి వి ఫర్ విక్టర్, ఎన్ ఫర్ నాన్సీ అంటూ మీ పేరు మొత్తం ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకోండి, ఫోన్ వచ్చినప్పుడు చూసి చదివేయొచ్చు.

పద్ధతిగా లెవెల్స్ ప్రకారం నేర్చుకోవాలంటే కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి, బెల్‌వ్యూ కాలేజ్, కర్క్‌ల్యాండ్‌లో లేక్ వాషింగ్టన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. ముందు ఒక టెస్ట్ పెట్టి లెవెల్ చెప్తారు, హాజరు అడుగుతారు. ఇక్కడ వీసా ఏంటని అడుగుతారు కాబట్టి చేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. హెచ్4 వాళ్లు చదువుకోవచ్చు, బీ2 విజిటర్ మీద ఆర్నెల్లకి వచ్చిన అమ్మానాన్నలు మాత్రం ఇలాంటి కోర్సుల జోలికి పోకూడదు, వాళ్లకి లైబ్రరీలో కబుర్లు చాలు.

చర్చిల్లో కూడా ఫ్రీ క్లాసులు ఉంటాయి, మనవాళ్లు చాలామంది వెళ్లాలా వద్దా అని తటపటాయిస్తారు. నేను ఒక ఏడాది వెళ్లాను. పిల్లల్ని చూసుకునే గది ఉండేది, అదే పెద్ద ఆకర్షణ, క్లాసు బాగానే చెప్పారు, చివర్లో పావుగంట బైబిల్ చదివేవాళ్లు, ఇష్టం లేకపోతే లేచి వెళ్లొచ్చని ముందే చెప్పారు. అన్నిచోట్లా అలా ముందే చెప్తారని కాదు, కాబట్టి మొదటిరోజే అడిగేయండి, ఆదివారం రమ్మంటే "థ్యాంక్యూ, ఐయామ్ జస్ట్ హియర్ ఫర్ ది క్లాస్" అంటే సరిపోతుంది, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక కలుసుకునే పండగలు. మే చివర మెమోరియల్ డే వీకెండ్‌కి సియాటిల్ సెంటర్‌లో నార్త్‌వెస్ట్ ఫోక్‌లైఫ్ జరుగుతుంది, 1972 నుంచీ ఉంది, టికెట్ లేదు. అక్కడే ఏడాది పొడవునా ఫెస్టాల్ పేరుతో కొన్ని వీకెండ్లలో ఒక్కో దేశం, ఒక్కో సంస్కృతి వాళ్ల ఉత్సవం, అదీ ఫ్రీయే. పార్కింగ్ జేబు ఖాళీ చేస్తుంది, వెస్ట్‌లేక్ నుంచి మోనోరైల్ ఎక్కేయండి. టాక్ టైమ్‌లో పరిచయమైనవాళ్లని ఇలాంటిచోటికి రమ్మంటే బల్ల దగ్గర కన్నా ఎక్కువ మాట్లాడతారు, నా కొరియన్ ఫ్రెండ్ అలా అయిందే.

క్లాసుల వాళ్లు ఏడాదిలో ఒకటి రెండుసార్లు పాట్‌లక్ పెడతారు, తలా ఒక వంట తేవాలి. పులిహోర పట్టుకెళ్లండి, చల్లారినా బాగుంటుంది, కానీ ఎండుమిరపకాయలు ఏరేసి పట్టుకెళ్లండి, మా వాలంటీర్ పెద్దావిడ ఒకటి అలంకారం అనుకుని నమిలేసింది. పల్లీలు, జీడిపప్పు ఉంటే చీటీ మీద రాసి గిన్నె ముందు పెట్టాలి, ఇక్కడ వాటి ఎలర్జీ ప్రాణం మీదకొచ్చే సంగతి. మీరు శాకాహారులైతే అన్నంలో చికెన్ బ్రాత్ పోశారా, స్వీట్‌లో జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) ఉందా అని విడిగా అడగండి, వెజిటేరియన్ అంటే చేప తింటారుగా అనేవాళ్లు ఉన్నారు. ఆరింటికి అంటే ఆరింటికే, మన ఫంక్షన్ టైమ్ కాదు.

పెద్దవాళ్లకి ఒక మాట. గ్రీన్‌కార్డు వచ్చి 15 ఏళ్లై వయసు 55 దాటినా, 20 ఏళ్లై 50 దాటినా సిటిజన్‌షిప్‌కి ఇంగ్లీష్ పరీక్ష లేదు, సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం) ప్రశ్నలు ఇంటర్‌ప్రెటర్‌తో తెలుగులో చెప్పొచ్చు. ఆ భయంతో క్లాసుకి వెళ్లేవాళ్లు ముందు ఇది చూసుకోండి, మనవడి స్కూల్లో టీచర్‌తో మాట్లాడాలనుకుంటే అది వేరే, హాయిగా వెళ్లండి. మా అత్తయ్య అందుకే వెళ్తారు, తల అడ్డంగా ఊపుతూ "యస్ యస్" అంటుంటే అవునంటున్నారో కాదంటున్నారో తెలియక వాలంటీర్ తికమకపడేది, ఇప్పుడు నిలువుగా ఊపుతున్నారు.

మొన్న డెంటిస్ట్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నేనే ఎత్తా, ఇంటిపేరు ఫ్రిజ్ వైపు చూడకుండా స్పెల్లింగ్ చెప్పా, ఫైవ్ ఫైవ్ అన్నా, అంతా బ్రహ్మాండంగా నడుస్తుంటే చివర్లో "కెన్ వీ ప్రీపోన్ ఇట్?" అన్నాను. అవతల రెండు సెకన్లు నిశ్శబ్దం. ముందుకి జరపడానికి మనం వాడే ఆ మాట ఇక్కడివాళ్లకి తెలియదు, నా నోట్‌బుక్‌లోనూ లేదు, ఇప్పుడు రాసుకున్నా.