నీటి నష్టం లెక్కలు – 4వ పాఠం: రెండు దేశాలకు ఒకే కొలబద్ద

క్రితం పాఠంలో ఒక ఊరి నీటి పద్దు వేశాం: వదిలిన నీళ్లెన్ని, బిల్లు పడ్డవెన్ని, మధ్యలో పోయినవెన్ని. ఈసారి అదే పద్దు డెన్మార్క్‌కీ, ఇంగ్లాండ్–వేల్స్‌కీ వేద్దాం.

డెన్మార్క్‌లో నష్టం సుమారు 8 శాతం. ఇంగ్లాండ్–వేల్స్‌లో 20 శాతానికి దగ్గర. రెండున్నర రెట్లని తేల్చేయకండి. ఆ శాతాల్లో ఏమేం కలిసాయో ముందు చూడాలి. డెన్మార్క్ అంకె ఆదాయం రాని నీరు మొత్తానిది: గొట్టాల్లో కారింది, మీటరు తక్కువ చూపింది, ఫైరింజన్లు వాడింది, లైన్లు కడగడానికి వదిలింది, అన్నీ అందులోనే. ఇంగ్లాండ్ అంకె లీకేజీ ఒక్కటే, ఇంటి ఆవరణలోని గొట్టం లీకుతో కలిపి. అంటే అసలు తేడా పైకి కనిపించేదానికన్నా పెద్దది.

శాతంతో ఇంకో చిక్కుంది. ఒక ఊరికి రోజుకు 10,000 కిలోలీటర్లు వదిలితే 1,000 కారుతోంది, 10 శాతం. జనం పొదుపు చేసి వాడకాన్ని 9,000 నుంచి 6,000కు తగ్గించారు. లీకు అంతే, వదిలేది 7,000. నష్టం 14.3 శాతమైంది! ఒక్క గొట్టం కూడా పాడవలేదు. డెన్మార్క్ ఇళ్లలో తలకు రోజుకు సుమారు 100 లీటర్లు వాడతారు, ఇంగ్లాండ్‌లో సుమారు 140. అంటే శాతం లెక్క తక్కువ వాడే డెన్మార్క్‌కే ప్రతికూలం, అయినా దాని శాతమే తక్కువ.

కాబట్టి శాతం పక్కనపెట్టి కిలోమీటరుకు, ఇంటికి లెక్కగట్టండి. ఇంగ్లాండ్–వేల్స్‌లో రోజుకు సుమారు 300 కోట్ల లీటర్లు కారుతుంది. మెయిన్ లైన్లు సుమారు 3.5 లక్షల కిలోమీటర్లు, ఇళ్లూ దుకాణాలూ కలిపి సుమారు 2.7 కోట్లు. భాగిస్తే కిలోమీటరుకు రోజుకు 8.6 కిలోలీటర్లు, ఇంటికి 111 లీటర్లు. అపార్ట్‌మెంట్లో 20 ఇళ్లకు ఒకే కనెక్షన్ ఉండొచ్చు, అందుకే ఇంటి లెక్కనూ కనెక్షన్ లెక్కనూ కలపొద్దు.

ఈ 300 కోట్లు ఎలా వచ్చాయో తెలియాలి. డెన్మార్క్‌లో అందరికీ మీటర్లున్నాయి, వదిలినదాంట్లోంచి అమ్మింది తీసేస్తే చాలు. ఇంగ్లాండ్–వేల్స్‌లో మీటరున్న ఇళ్లు 60 శాతం చిల్లర, అందుకని రాత్రి ప్రవాహం పట్టుకుంటారు. ఒక జోన్‌లో 1,200 ఇళ్లనుకోండి. తెల్లవారుజామున 3–4 గంటల మధ్య లోపలికి వచ్చే ప్రవాహం సెకనుకు 3.2 లీటర్లు, అంటే గంటకు 11.52 కిలోలీటర్లు. ఆ వేళ నిజంగా వాడేది ఇంటికి గంటకు 2 లీటర్లు వేస్తే 2.4 పోయి 9.12 మిగిలింది. దీన్ని 24తో గుణిస్తే 219 వస్తుంది, కానీ తప్పు. వాడకం లేని రాత్రి ప్రెజర్ పెరుగుతుంది, లీకూ పెరుగుతుంది. పగలు అంత కారదు. ఇలాంటి జోన్‌లో గుణకం 24కన్నా తక్కువ, 22 వేస్తే 200.6. రాత్రిళ్లు వాల్వుతో ప్రెజర్ తగ్గించే జోన్‌లో మాత్రం 24 దాటుతుంది. ప్రెజర్ లాగర్ (రోజంతా ప్రెజర్ నమోదు చేసే పరికరం) పెట్టకుండా గుణకం ఊహించకండి.

ఇక రెండు దేశాల ప్రెజర్లూ, కనెక్షన్ల సాంద్రతా వేరైనా పోల్చగలిగే సూత్రం. ఎంత బాగా నడిపినా తప్పని లీకు, రోజుకు లీటర్లలో:

(18 × మెయిన్ లైను కి.మీ. + 0.8 × కనెక్షన్లు + 25 × ఆవరణ హద్దు నుంచి మీటరు దాకా గొట్టం కి.మీ.) × సగటు ప్రెజర్ మీటర్లలో (ఆ ప్రెజర్ నిలబెట్టగల నీటి ఎత్తు)

అసలు లీకును దీంతో భాగిస్తే వచ్చేది లీకేజీ సూచిక. 200 కి.మీ., 10,000 కనెక్షన్లు, 40 మీటర్ల ప్రెజర్ తీసుకోండి. మీటర్లు హద్దు దగ్గరే ఉంటే 464 కిలోలీటర్లు. మీటర్లు ఇంట్లో ఉండి ఒక్కోదానికి 10 మీటర్ల గొట్టమైతే మూడో పదం 100 కి.మీ., జవాబు 564. మీటర్లు ఇంట్లో ఉన్న ఊళ్లో 1,160 కారుతుంటే సూచిక 2.06. మూడో పదం మరిచినవాళ్లకు 2.5 వస్తుంది. పోలికలు ఎక్కువగా చెడేది ఇక్కడే.

ఈ సూత్రం 24 గంటల సరఫరాకు. రోజుకు రెండు గంటలే నీళ్లొచ్చే మన ఊళ్లకు వేస్తే జవాబును 2/24తో గుణించాలి, సగటు ప్రెజర్ కూడా ఆ రెండు గంటలదే తీసుకోవాలి.

డెన్మార్క్ ఇంత గట్టిగా పట్టుకోవడానికి ఒక కారణం పన్ను. 1994లో వచ్చిన కొళాయి నీటి పన్ను ప్రకారం, తోడినదాంట్లో 90 శాతమైనా అమ్మలేని సంస్థ ఆ లోటు నీళ్లకూ పన్ను తన జేబులోంచి కట్టాలి. లండన్‌లో నేలే శత్రువు: బంకమట్టి ఎండకు కుంచించుకుని, వానకు ఉబ్బి పాత పోత ఇనుప గొట్టాలను విరిచేస్తుంది.

అభ్యాసం: 350 కి.మీ., 12,000 కనెక్షన్లు, మూడో పదానికి 60 కి.మీ., ప్రెజర్ 50 మీటర్లు, అసలు లీకు రోజుకు 1,800 కిలోలీటర్లు. సూచిక 2.07 రావాలి. 0.02 వస్తే మూడో పదంలోని గొట్టం పొడవు మీటర్లలో వేశారు. 21 దగ్గర వస్తే ప్రెజర్ బార్లలో (ఒక బారు సుమారు 10 మీటర్లు) వేశారు.