నవల రాద్దాం – నాలుగో పాఠం: పిట్టకథ ఎక్కడ ఆపాలి?

మిమ్మల్ని కదిలించిన పుస్తకాల పేర్లు రాసి పెట్టుకోమని పోయిన పాఠంలో చెప్పాను. ఇవాళ దాని పక్కనే ఇంకో జాబితా కావాలి. అందులో పుస్తకాలు ఉండకూడదు. మీరు విన్న హరికథలు, చూసిన తప్పెటగుళ్లు, అమ్మమ్మ మీచేత చదివించుకున్న ఉత్తరాలు, ఆఫీసులో మీ చేతికొచ్చే అర్జీలు రాయండి. నవల రాసేవాళ్ల మీద గట్టిగా పనిచేసేవి చాలావరకు ఈ రెండో జాబితాలోనే దొరుకుతాయని నా నమ్మకం.

మన విజయనగరమే చూడండి. 1892లో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’ వెనక ఒక పట్టీ ఉంది. శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల లెక్క విజయనగరం మహారాజు ఆనందగజపతి తీయిస్తే మూడేళ్లకి 1,034 తేలాయి. పెళ్లికూతుళ్లలో ఏడాది పిల్లలు కూడా ఉన్నారు. 1897 ముద్రణకి రాసిన పీఠికలో గురజాడే ఈ అంకెలు చెప్పారు. గుండె తరుక్కుపోయే ఆ పట్టీ తెలిసిన మనిషి కడుపుబ్బ నవ్వించే నాటకం రాశారు!

శ్రీకాకుళంలో పుట్టిన రావిశాస్త్రి సంగతి మరోలా ఉంటుంది. ‘అల్పజీవి’ నవలలో మనసు లోపలి గొణుగుడు రాయడానికి ఐరిష్ నవలాకారుడు జేమ్స్ జాయిస్‌ని చదవడం పనికొచ్చింది. ‘ఆరు సారా కథలు’కి ప్లీడరు వృత్తి, కోర్టు వరండా పనికొచ్చాయి. రాసిన చెయ్యి ఒకటే.

ఇక పనిలోకి దిగుదాం. హరికథ నుంచి ఒక పనితనం తీసుకుందాం. ఆదిభట్ల నారాయణదాసు పుట్టిన అజ్జాడ మనకి ఎంతో దూరం కాదు కాబట్టి ఇది మన సొంత సొత్తే. రుక్మిణి కబురు పంపి ఎదురుచూస్తుంటుంది. కథ చెప్పే దాసుగారు సరిగ్గా అక్కడే చిడతలు ఆపి, “అనగనగా ఓ పిసినారి...” అంటారు. జనం నవ్వుతారు గానీ రుక్మిణిని మరిచిపోరు. పిట్టకథ ముగించి మళ్లీ పాట అందుకునేసరికి ఆ ఎదురుచూపు ఇంకా బరువెక్కి ఉంటుంది. మనం గమనించాల్సింది ఆయన ఆపిన చోటు.

దీన్ని నవలలోకి తెద్దాం. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఒకావిడ కూతురి నిశ్చితార్థంలో కూర్చుంది. జీడిసొనకి నల్లబడ్డ వేళ్లు కొంగులో దాచుకుంది. వియ్యపురాలు తాంబూలం పట్టుకొచ్చి, “ఏటొదినా, చెయ్యి సాపవేటి?” అంది.

ఇక్కడ ఆపండి.

మీది కుటుంబ నవలైతే, ఆవిడ పనిలో చేరిన తొలిరోజు సొన అంటి చేతులు మండితే వాళ్లమ్మ ఏం చేసిందో అరపేజీ చెప్పండి. అపరాధ పరిశోధన అయితే, సొన మచ్చ కడిగితే పోదనీ, ఆ తోలు ఊడేదాకా ఉంటుందనీ మాటవరసకి చెప్పినట్టు చెప్పండి. పాఠకుడు పెళ్లి గొడవలో ఉండగానే ఆధారం చేతికిచ్చేశారు. దెయ్యం కథైతే ఉద్దానం తోటలో రాత్రి కాపలా ముచ్చట చెప్పి భయాన్ని సాగదీయండి. ఆపిన చోటు మూడింట్లోనూ ఒకటే. పిట్టకథ చేసే పనే మారింది. ప్రభావం ఒక ప్రక్రియ నుంచి ఇంకో ప్రక్రియలోకి దాటేది ఇలాగే. అభిమాన రచయిత వాక్యాలు ఎత్తుకొస్తే మాత్రం పాఠకుడు ఇట్టే పట్టేస్తాడు.

అభ్యాసం: నా సన్నివేశం వాడొద్దు. మీ రెండో జాబితాలోంచి ఒకటి తీసి పేజీ రాయండి. ఉత్కంఠ దగ్గర ఆపి అరపేజీ పిట్టకథ పెట్టి, ఒక్క వాక్యంతో వెనక్కి రండి. మర్నాడు పిట్టకథ ఒక్కటే మార్చి, వేరే తరహా నవలకి సరిపోయేలా మళ్లీ రాయండి. వీలైతే శ్రీకాకుళంలో కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో నెలకొల్పిన కథల గ్రంథాలయం, కథానిలయానికి వెళ్లి, ఏదైనా పాత కథ తీసి రచయిత ఎక్కడెక్కడ ఆగాడో పెన్సిలుతో మీ నోటుబుక్కులో రాసుకోండి.

ఐదో పాఠం సంభాషణల మీద. ఈ రెండు పేజీలూ దగ్గర పెట్టుకోండి, వాటితోనే మొదలెడతాం.