లెక్క ప్రకారం కరగాలి, సీసాలో కరగడం లేదు

సమస్య: పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి, పొడవాటి గొలుసు అణువుల పదార్థం), సాల్వెంట్ (కరిగించే ద్రవం) రెండింటి హిల్డెబ్రాండ్ విలువలు దాదాపు సమానం. అణువులు ఒకదాన్నొకటి ఎంత బలంగా పట్టుకుంటాయో చెప్పే అంకె ఇది, రెండింటివీ దగ్గరగా ఉంటే కరగాలని లెక్క. అయినా కరగడం లేదు.

కారణం: ఆ ఒక్క అంకెలో మూడు వేర్వేరు బలాలు కలిసిపోయి ఉంటాయి. ఇథనాల్ విలువ 26.5, నైట్రోమీథేన్‌ది 25.1. అంకెలు చూస్తే కవలల్లా ఉన్నా, ఒకటి కరిగించేదాన్ని రెండోది కరిగించాలని లేదు.

పరిష్కారం: చార్లెస్ హాన్సెన్ 1967లో విడదీసిన మూడు విలువలు వాడండి: డిస్పర్షన్ (అన్ని అణువుల మధ్యా ఉండే ఆకర్షణ), ధ్రువత (అణువుల ధన, రుణ కొసల మధ్య ఆకర్షణ), హైడ్రోజన్ బంధం. ఇథనాల్‌కి ఇవి 15.8, 8.8, 19.4, నైట్రోమీథేన్‌కి 15.8, 18.8, 5.1. తేడాలు వరుసగా 0, 10, 14.3. డిస్పర్షన్ తేడా వర్గాన్ని 4తో గుణించి, మిగతా రెండు తేడాల వర్గాలు కలిపి, వర్గమూలం తీయండి. దూరం 17.4 వస్తుంది, అంటే చాలా ఎక్కువ.

మీ పాలిమర్‌కీ సాల్వెంట్‌కీ మధ్య దూరాన్ని ఇలాగే కట్టి, ఆ పాలిమర్ వ్యాసార్ధంతో (సాల్వెంట్ ఎంత దూరంలో ఉన్నా దాన్ని కరిగించగలదో చెప్పే హద్దు) భాగించండి. 1 కన్నా బాగా తక్కువైతే కరుగుతుంది, బాగా ఎక్కువైతే కరగదు. 1 దగ్గర్లో ఉంటే ఉబ్బి ఆగిపోవచ్చు. వ్యాసార్ధం ప్రయోగంతో తేలేది. అది తెలియకుండా దూరం ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి.

సమస్య: దూరాలు అర్థం లేకుండా వస్తున్నాయి.

కారణం: పాత పట్టికల అంకెలు కేలరీల లెక్కలో ఉంటాయి, పైన వాడినవి జౌల్‌ల లెక్కలో. టోలీన్‌కి 18 బదులు 8.9 కనిపిస్తే అదే కారణం. 2.05తో గుణించండి.

సమస్య: నిష్పత్తి 1 లోపే ఉంది, అయినా పాలిమర్ గడ్డ కరగడం లేదు.

కారణం: పాలిమర్ గొలుసులు వరుసగా పేర్చుకుని ఏర్పడిన స్ఫటికాలు. వాటిని విడగొట్టే శక్తి ఈ లెక్కలో లేదు. పాలిథీన్ గది వేడిమిలో జైలీన్‌లో కరగదు, 100 డిగ్రీలు దాటితే కరుగుతుంది. ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిరిని బయటికి లాగే అర), రిఫ్లక్స్ కండెన్సర్ (ఆవిరిని చల్లార్చి తిరిగి పాత్రలోకి పంపే గొట్టం) పెట్టి, హీటింగ్ మాంటిల్ (మంట లేని విద్యుత్ హీటర్) మీదే వేడి చేయండి. మంట దగ్గరికి రానివ్వొద్దు, జైలీన్ ఆవిరి అంటుకుంటుంది.

స్ఫటికాలు లేని పాలిమర్ అయితే తొందరపడుతున్నారేమో చూడండి. ముందు జెల్లీలా ఉబ్బి, తర్వాతే కరుగుతుంది. 5 మి.లీ.లో 0.5 గ్రాములు వేసి, మూత బిగించి, అప్పుడప్పుడు కదుపుతూ 24 గంటలు ఉంచాకే ఫలితం రాయండి.

సమస్య: రెండు సాల్వెంట్ల మిశ్రమంలో చక్కగా కరిగింది, ఆరేటప్పుడు పొర తెల్లబడింది.

కారణం: మిశ్రమం విలువలు ఘనపరిమాణ సగటు. త్వరగా ఆవిరయ్యేది వెళ్లిపోయేకొద్దీ ఆ సగటు జరిగిపోతుంది. చివర మిగిలేది కరిగించలేనిదైతే పాలిమర్ విడిపోతుంది. నెమ్మదిగా ఆరేది మంచి సాల్వెంట్ అయ్యేలా జత మార్చండి. అప్పటికీ తెల్లబడితే గాలిలోని తేమను అనుమానించండి.