పాటకు ఐడియా రావట్లేదా? ఇంట్లో మాటలు రాసుకోండి

ఖాళీ కాగితం ముందు కూర్చుంటే ప్రేమ, మనసు, ప్రాణం లాంటి అరిగిపోయిన మాటలే ముందొస్తాయి. అందుకే వారం పాటు రోజుకు 3 మాటలు, ఇంట్లోనో బస్సులోనో విన్నవి, విన్నది విన్నట్టే ఫోన్‌లో రాసుకోండి. మెరుగులు దిద్దొద్దు, యాస మార్చొద్దు. రుచంతా అందులోనే ఉంటుంది.

వారం చివర ఒకటి ఎంచుకుని మాత్రలు, అంటే అక్షరం పలకడానికి పట్టే సమయం, లెక్కపెట్టండి. పొట్టి అక్షరానికి 1. దీర్ఘానికి, సున్న ఉన్నదానికి, ఒత్తక్షరానికి ముందున్నదానికి 2.

ఉదాహరణకు పొద్దున్నే వినపడే మాట: "ఇంకా ఐదు నిమిషాలమ్మా". ఇంకా 4, ఐదు 3, నిమిషా 4, లమ్మా 4. రెండో చోట ఒక మాత్ర తగ్గింది, చప్పట్లు కొడుతూ పాడితే అక్కడే తడబడతారు. "ఐదే" అనండి. నాలుగు నాలుగులు, చతురస్ర గతి (నాలుగేసి మాత్రల నడక) కుదిరింది. పైగా ఆ "ఏ"తో బతిమాలడం కూడా వచ్చి చేరింది! "బస్సే పోతే పోనీయమ్మా" అన్నదీ అదే కొలత. పల్లవి మొదలైపోయినట్టే.

చరణంలో చాలామంది పల్లవి భావాన్నే మళ్ళీ చెప్పి ఆగిపోతారు. అక్కడ గొంతు మార్చండి: పల్లవి నిద్ర వదలని పిల్లదైతే, చరణం ఐదింటికే లేచి టిఫిన్ బాక్సు కట్టిన అమ్మది.

ట్యూన్ తట్టగానే రికార్డు చేయండి, మాటల్లేకపోతే "తననన" అని అయినా సరే. సాయంత్రానికి అది గుర్తుండదు.